బాల్కనీకి తాళం

సురేందర్ జగిత్యాల నుంచి కోరుట్లకు రావాలంటే మామూలుగా ముప్పావు గంట పడుతుంది. ఆ మంగళవారం అరగంట కూడా పట్టలేదు. బండికి స్టాండు వేయకుండా గోడకు ఆనించి, చెప్పులతోనే ఇంట్లోకి వచ్చాడు. చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్న తల్లి కనకవ్వ కొడుకు ముఖం చూసి చేతిలోని ఆకు కింద పడేసింది.

"ఏదవ్వా అది?"

"ఎవల్రా?"

"నీ బిడ్డ! ఓడెక్కి సముద్రంల దునుకుదామని టికెట్ కొన్నది. నీకెర్కేనా?"

లోపలి గదిలో కంప్యూటర్ ముందున్న సుధకు ఆ మాట వినబడింది. టికెట్ సంగతి ఇంకా ఎవరికీ చెప్పలేదు. శనివారం చెబుదామని, ఏ మాటతో మొదలుపెట్టాలా అని నాలుగు రోజులుగా మనసులో మాటలు పేర్చుకుంటోంది.

జరిగింది ఇది. ముంబయి నుంచి లక్షద్వీప్ దాకా పోయి తిరిగి వచ్చే ఓడలో ఐదు రోజుల ప్రయాణానికి సుధ ఒక్కదానికే టికెట్ తీసుకుంది. ఓడ కంపెనీ వాళ్లు ఆమెకు మూడుసార్లు ఫోన్ చేశారు. ఆమె ఎత్తలేదు. మూడుసార్లూ "దయచేసి మెసేజ్ పెట్టండి" అని రాసి పంపింది. వాళ్లు మెసేజ్ పెట్టలేదు. ఆపదలో ఎవరికి చెప్పాలి అన్నచోట ఆమె రాసిన నంబరుకు, అంటే అన్నకు, ఫోన్ చేశారు. మీ చెల్లెలు ఒక్కతే వస్తోంది, ఫోన్ ఎత్తడం లేదు, అంతా బాగానే ఉంది కదా అని అడిగారు.

సురేందర్ గది గుమ్మంలో నిలబడ్డాడు.

"చెప్పు. సచ్చెటందుకు పోతున్నవా? లేకుంటె ఎవనితోనన్న పోతున్నవా?"

సుధకు రెండు మాటలూ చెంపమీద కొట్టినట్టే తగిలాయి. ఒక ఆడమనిషి ఒంటరిగా ఊరు దాటితే ఈయన లెక్కలో ఉన్న కారణాలు రెండే రెండు. మూడోది లేదు.

"ఎవ్వల్తోని గాదు," అంది. గొంతు సన్నగా వచ్చింది. "ఎవ్వలు లేకుంట పోవుడే నాకు గావాలె."

"కోరుట్ల బస్టాండుల కండక్టర్‌ను టికెట్ అడుగరాదు నీకు. ముంబయి పోయి ఓడెక్కుతవా?"

అది నిజమే. సుధకు ముప్పై ఐదేళ్లు. మెట్‌పల్లికి బస్సెక్కితే, కండక్టర్ తన దగ్గరికి వచ్చేదాకా "ఒకటి మెట్‌పల్లి" అనే రెండు మాటలను పదిసార్లు లోపల అనుకుంటుంది. ఆయన వచ్చేసరికి అరచేతులు తడిసి నోట్లు మెత్తబడతాయి. కొత్త మనిషి ఎదురుగా నిలబడితే చెవుల్లో హోరు మొదలవుతుంది, మాట నాలుక దాకా వచ్చి ఆగుతుంది. చిన్నప్పుడు అందరూ సిగ్గన్నారు. పెద్దయ్యాక పొగరన్నారు. ఆరు పెళ్లిచూపుల్లో ఆమె నోరు పెగలకపోతే, ఒకాయన పకోడీలు తింటూనే "మూగపిల్లా?" అని అడిగాడు. ఆ మాటకు ఇంట్లో వాళ్లు ఆయన మీద కోప్పడలేదు, సుధ మీద కోప్పడ్డారు.

మూడేళ్ల కిందట ఆమె తనంతట తానే కరీంనగర్‌లో ఒక డాక్టర్ దగ్గరికి పోయింది. చెప్పాల్సిందంతా కాగితం మీద రాసుకుపోయి ఇచ్చింది. ఆ డాక్టర్ చదివి, ఇది సిగ్గూ కాదు, పొగరూ కాదు, మనుషుల మధ్య కలిగే ఒక రకం భయం, చాలామందికి ఉంటుంది, మీ తప్పేమీ లేదు అని చెప్పింది. చిన్న చిన్న పనులు మీరే ఎంచుకుని చేస్తూ పొమ్మంది. సుధ ఆ సంగతి అన్నకు చెబితే, "గా డాక్టర్లకేం పనిలేదు" అని నవ్వాడు.

సిరిసిల్ల మరమగ్గాల మీద నేసే చీరలకు అంచులు, కొంగులు కంప్యూటర్‌లో గీసి పంపడం ఆమె పని. మగ్గాల యజమాని రాజేశం ఆరేళ్లలో ఆమెను రెండుసార్లే చూశాడు. ఏం కావాలో ఆయన రాసి పంపుతాడు, ఈమె గీసి పంపుతుంది. అలా సంపాదించుకున్న డబ్బుతోనే ఓడ టికెట్ కొనుక్కుంది.

ఓడే ఎందుకంటే, ఆమె సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు. ఇంకో కారణం కూడా ఉంది. రైలు మీదో బస్సు మీదో ఊళ్లు తిరగాలంటే రోజంతా మనుషులను అడుగుతూనే ఉండాలి. ఆటో బేరం, దారి, గది, తిండి, అన్నిటికీ నోరు తెరవాలి. ఓడలో అవేవీ లేవు. ఒక గది, దానికి తలుపు, అవతల బాల్కనీ, దాని అవతల నీళ్లు. ఇల్లు వదిలి మళ్లీ ఇల్లు చేరేదాకా ఎన్ని చోట్ల మాట్లాడాల్సి వస్తుందో ఆమె ఒక పుస్తకంలో రాసుకుంది. పదకొండు చోట్లు. పదకొండింటికీ ఏమనాలో హిందీలో, ఇంగ్లీషులో రాసుకుని, తలుపేసుకుని పలికి చూసుకుంది. డాక్టర్ చెప్పిన చిన్న పనుల్లో ఇది కొంచెం పెద్దది. అంతే.

ఇదంతా అన్నకు చెప్పాలనుకుంది. నోట్లోంచి వచ్చింది మాత్రం ఒక్క మాటే. "పోత."

"పోతే నీ వదినెను తీస్కపో. శ్రీలత తోడుంటది."

"వద్దు."

"అరె, ఆడపిల్ల ఒక్కతి..."

"వద్దన్న గదా!"

సుధ గొంతు అంత పెద్దగా వినడం కనకవ్వకు కొత్త. ఆమె చాట పక్కన పెట్టి లేచింది. "పోనియ్ రా," అంది కొడుకుతో. "ఎన్నడన్న ఏమన్న అడిగిందా అది? తిండైతె పెడ్తరటనా బిడ్డా ఆడ?"

"పెడ్తరవ్వా."

"సరే, పో. నేను చెయ్యాల్సింది నేను చేస్త," అని సురేందర్ ఫోన్ తీసి బయటికి నడిచాడు. బండి దగ్గర నిలబడి చాలాసేపు ఎవరితోనో హిందీలో మాట్లాడాడు. సుధకు మాటలు వినబడలేదు. ఆయన ఒప్పుకున్నాడనే అనుకుంది.

ముంబయికి కోరుట్ల నుంచి రోజూ బస్సులున్నాయి. తల్లి మూట కట్టిచ్చిన సకినాలతో బస్సెక్కి, మర్నాడు ముంబయిలో దిగి, టాక్సీ ఎక్కి ఓడరేవుకు చేరేసరికి సుధ పదకొండింటిలో నాలుగు దాటింది. నాలుగూ దాదాపు అనుకున్నట్టే జరిగాయి. టాక్సీ ఆయన దగ్గర ఒక మాట తడబడింది గానీ, ఆయనేమీ పట్టించుకోలేదు. ఆమె తనలో తాను నవ్వుకుంది కూడా.

ఐదోది ఓడరేవులో కౌంటర్. అక్కడి అమ్మాయి సుధ పేరు చూసి, తెర మీద ఏదో చదివి, పక్కమ్మాయిని పిలిచింది. ఇద్దరూ చదివారు. ఇద్దరూ తలెత్తి సుధను చూశారు. "ఒక్కరేనా? వెంట ఎవరూ లేరా?" అని ఒకరి తర్వాత ఒకరు అడిగారు, వెనక వరసంతా వినేట్టు. అందరి చేతులకూ నీలం పట్టీ కడుతున్నారు. సుధ చేతికి పసుపు పట్టీ కట్టారు. ఒంటరిగా వచ్చినవాళ్లకు అదేనేమో అనుకుంది.

గది ఎనిమిదో అంతస్తులో ఉంది. తెల్లటి పరుపు, గోడకు అద్దం, ఎదురుగా గాజు తలుపు, దాని అవతల బాల్కనీ, రెండు కుర్చీలు. అంతా ఫోటోలో ఉన్నట్టే ఉంది. సుధ సంచీ కింద పెట్టి తలుపు పిడి పట్టుకుని లాగింది. రాలేదు. పక్కకు జరిపింది. జరగలేదు. పైకెత్తి లాగింది. పిడి కింద చిన్న తాళం ఒకటి కనబడింది.

ఎలా తీయాలో నాకే తెలియదేమో అనుకుంది. ఈ గాజు తలుపులకు ఏదో పద్ధతి ఉంటుంది, అందరికీ తెలిసే ఉంటుంది, అడిగితే నవ్వుతారు అనుకుంది. బల్ల మీది ఫోన్ ఎత్తి రిసెప్షన్ నంబరు నొక్కింది. అవతల "హలో" అనగానే పెట్టేసింది.

ఓడ కదిలింది. పక్క బాల్కనీల్లోంచి జనం కేకలు, ఈలలు. సుధ గాజుకు నుదురు ఆనించి చూసింది. గాజు మీద ఉప్పు మరకలు. వాటి అవతల ముంబయి మేడలు చిన్నవైపోయాయి.

గంట తర్వాత ఫోన్ మోగింది. "మేడమ్, బాగున్నారా?" మూడు గంటల తర్వాత మళ్లీ మోగింది. ఎత్తకపోతే తలుపు కొట్టారు. యూనిఫాం వేసుకున్న అమ్మాయి నవ్వు ముఖంతో లోపలికి తొంగిచూసి, "ఊరికే వచ్చాను మేడమ్" అని పోయింది. ఎవరూ మాట్లాడించకూడదనే కదా ఇంత దూరం వచ్చింది.

సాయంత్రం భోజనానికి ఒంటరి బల్ల కావాలని టికెట్ కొన్నప్పుడే రాసింది. హాలుకు పోతే ఆమెను రెండు కుటుంబాల మధ్య, ఎనిమిది మంది కూర్చున్న బల్ల దగ్గర కూర్చోబెట్టారు. "ఒంటరిగా ఉండటం మంచిది కాదు మేడమ్" అన్నాడు వడ్డించే అతను. సుధ అన్నం వైపు చూస్తూ రెండు ముద్దలు తిన్నది. అప్పుడే మైకు పట్టుకుని ఆటలాడించే కుర్రాడొకడు అక్కడికి వచ్చి, ఆమె చేతి పట్టీ చూసి, "చూడండి, మనతో ఒక ధైర్యవంతురాలు ఒక్కతే వచ్చింది! చప్పట్లు! లేచి మీ పేరు చెప్పండి మేడమ్!" అన్నాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. రెండు వందల తలలు ఆమె వైపు తిరిగాయి. మైకు ఆమె నోటి దగ్గరికి వచ్చింది.

సుధ లేచింది, పేరు చెప్పడానికి కాదు. కుర్చీ తగిలి కింద పడ్డా చూడకుండా, ఎనిమిదో అంతస్తు దాకా మెట్ల మీదే పరుగెత్తింది. గదిలోకి పోయి తిన్న రెండు ముద్దలూ కక్కేసింది.

రెండో రోజంతా గదిలోనే ఉంది. సముద్రం అద్దాల బీరువాలో పెట్టిన వస్తువులా గాజు అవతలే ఉంది. గాలి తగలలేదు, అల చప్పుడు వినబడలేదు. గదిలో ఏసీ మోత ఒక్కటే. సకినాలు తిన్నది. అన్న చెప్పినట్టే నాకు చాతకాలేదు అనుకుంది. ఆ మాట ఆమెను లోపల్నుంచి తొలిచింది.

మూడో రోజు పొద్దున గది ఊడ్చడానికి యాభై దాటిన మనిషి ఒకాయన వచ్చాడు. నిన్న సుధ బాత్రూంలో దాక్కుని ఆయన పోయాకే బయటికి వచ్చింది. ఈసారి దాక్కునే వ్యవధి లేకపోయింది. ఆయన దుప్పటి సర్దుతూ బల్ల మీది మూటను చూసి ఆగాడు. జగిత్యాల పేజీ ఉన్న తెలుగు పేపరు, దాని మీద సకినాలు.

"సకినాలు!" అన్నాడు. "ఏ ఊరు బిడ్డా మీది?"

సుధకు ఒళ్లంతా చల్లబడింది. ఎవరికీ తెలియని చోటని వస్తే ఇక్కడా ఊరివాళ్లే. "కోరుట్ల," అంది చివరికి.

"నాది కథలాపూర్. నర్సయ్య అంటరు. కల్లు గీసెటందుకు చెట్లెక్కెటోన్ని, నడుం ఇర్గితె దుబాయ్ పోయిన, ఆడ పన్నెండేండ్లు హోటల్ల గదులు ఊడ్సిన. గిప్పుడు ఓడల." ఆయన దుప్పటి మడత పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఏదో చెప్పాలా వద్దా అన్నట్టు గాజు తలుపు వైపు చూశాడు. "ఏమనుకోకు బిడ్డా. నువ్వు మంచిగనే కనవడ్తున్నవ్. మరి గిట్లెందుకు చెప్పిన్రో నాకు సమజైతలేదు."

"ఏం చెప్పిన్రు?"

"నీ రూంల గాజు గ్లాసు ఉంచొద్దన్నరు. బ్లేడు ఉంటె తియ్యమన్నరు. గా బాల్కనీ తాళం ఎవ్వలడిగినా తియ్యొద్దన్నరు. నీకు మతి మంచిగ లేదట, సముద్రంల దునుకుతవట."

"ఎవలు చెప్పిన్రు?"

"మీ ఇంటోల్లేనట. మీ అన్నట."

సుధ మంచం అంచున కూర్చుంది. తాళం పాడైందనుకుంది. తీయడం తనకు రాలేదనుకుంది. రెండు రోజులు తనను తానే తిట్టుకుంది. అసలు సంగతి ఓడలో అందరికీ తెలుసు. కౌంటర్ దగ్గర అమ్మాయిలకు, వడ్డించే అతనికి, బహుశా మైకు పట్టుకున్న కుర్రాడికి కూడా. తెలియనిది ఆమె ఒక్కదానికే. పసుపు పట్టీ ఎందుకో అప్పుడు అర్థమై, దాన్ని పీకి తెంపబోయింది. తెగలేదు. అంత గట్టిగా చేశారు.

కడుపులోంచి వేడి ఏదో పైకి లేచింది. భయం వచ్చినప్పుడు ఆమెకు ఒళ్లు చల్లబడుతుంది. ఇది వేరు.

"తాళంచెయ్యి ఎవల దగ్గరుంటది కాకా?"

"ఐదో అంతస్తుల పెద్దమేడం ఉంటది, కౌంటర్ కాడ. నేను మాట్లాడ్త బిడ్డా. నీకు పరేషాన్ ఎందుకు? మంచిగున్నదని నేను చెప్త."

ఆ మాట వినగానే సుధకు ప్రాణం లేచివచ్చినట్టయింది. సరే అనబోయింది. అంతలోనే ఆగింది. ముప్పై ఐదేళ్లుగా ఆమె తరఫున ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు. అన్న కూడా ఆమె తరఫునే మాట్లాడాడు. మాట్లాడి ఏం చేశాడో ఎదురుగా కనబడుతోంది.

"వద్దు కాకా. నేనే పోత."

ఐదో అంతస్తులో కౌంటర్ ముందు ఇరవై మంది దాకా ఉన్నారు. సుధ వరసలో నిలబడింది. ఈ మాటలు ఆమె రాసుకోలేదు, పలికి చూసుకోలేదు. చెవుల్లో హోరు మొదలైంది. ముందున్న ఒక్కొక్కరే తగ్గుతుంటే పారిపోదామని రెండుసార్లు వెనక్కి తిరిగింది. రెండుసార్లూ "మతి మంచిగ లేదట" అన్న మాట చెవిలో మోగి, మళ్లీ ముందుకు తిరిగింది.

పెద్దమేడం చక్కగా జుట్టు ముడి వేసుకున్న మనిషి. సుధ గది నంబరు చెప్పింది. "బాల్కనీ తాళం తీయండి," అంది హిందీలో. ఉర్దూ కలిసిన కోరుట్ల హిందీ.

ఆ మనిషి తెర చూసి, గొంతు తగ్గించి, చిన్నపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడింది. "మీ భద్రత కోసమే మేడమ్. పైన పాటల కార్యక్రమం ఉంది, వెళ్లి చూడండి, మనసు తేలికవుతుంది."

"ఏం రాసి ఉందో చూపించండి."

"అది మా లోపలి..."

"నా గురించి రాశారు. నేను చూడాలి."

వెనక వరసను ఒకసారి చూసి ఆమె తెర ఇటు తిప్పింది. ఇంగ్లీషులో నాలుగు పంక్తులు. ప్రయాణికురాలి సోదరుడు తెలియజేశారు. మానసిక వ్యాధి, చికిత్సలో ఉంది. దూకే ప్రమాదం. ఒంటరిగా వదలరాదు. సుధ మూడుసార్లు చదివింది. అక్షరాలు కదిలిపోతున్నాయి, అయినా చదివింది.

"దీనికి డాక్టర్ కాగితం ఉందా?"

"లేదు. కానీ మీ కుటుంబం..."

"నన్ను అడిగారా?"

"మేడమ్, మూడుసార్లు ఫోన్ చేశాం. మీరు ఎత్తలేదు."

"మూడుసార్లూ మెసేజ్ పెట్టమని రాశాను. ఫోన్ ఎత్తనివాళ్లంతా చచ్చేవాళ్లేనా?"

ఆ మాట అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. వెనక వరసలో మాటలు ఆగిపోయాయి. ఆమె పీడకలల్లో వచ్చే దృశ్యం ఇదే. ఎదురుగా అధికారి, వెనక జనం, అందరి చూపులూ తన వీపు మీద. చేతులు వణుకుతుంటే కౌంటర్ మీద ఆనించింది. అక్కడా వణికాయి.

పెద్దమేడం ఆ చేతుల వైపు చూసింది. "చూడండి, మీరు బాగాలేరు. వణుకుతున్నారు."

"వణుకుతాను. పుట్టినప్పటి నుంచీ వణుకుతున్నాను. మనుషులంటే భయం నాకు. వణుకు వేరు, పిచ్చి వేరు. సముద్రం చూడాలని డబ్బు కట్టాను. నా గదికి తాళమేసి, ఎందుకో నాకు చెప్పకుండా, ఊడ్చేవాళ్లకూ వడ్డించేవాళ్లకూ చెప్పారు. తీసేదాకా ఇక్కడి నుంచి కదలను."

కదలలేదు. పక్కకు జరగమంటే జరగలేదు. కూర్చోమంటే కూర్చోలేదు. వరసలోని వాళ్లు పక్క కౌంటర్‌కు మారారు. ఒకాయన విసుక్కున్నాడు. ఒకావిడ ఫోన్ తీసి వీడియో పట్టబోతే, ఆవిడ వెనకున్న ముసలాయన చేయి అడ్డం పెట్టాడు. నలభై నిమిషాలు గడిచాయి. సుధ చీర వీపుకు అంటుకుపోయింది, కాళ్లు తిమ్మిరెక్కాయి. ఒక్కో నిమిషం ఆమెకు గంటలా ఉంది. భయం ఎక్కడికీ పోలేదు. దాని మీద కోపం కూర్చుని ఉంది, అంతే.

చివరికి ఓడలోని డాక్టరమ్మను పిలిపించారు. ఆమె సుధను పక్క గదిలోకి తీసుకుపోయి ఎదురుగా కూర్చుని, చుట్టూ తిప్పకుండా అడిగింది. "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తోందా మీకు?"

"లేదు," అంది సుధ. "ఈ ఒక్క మాట మీరు నన్ను మొదటి రోజే అడగాల్సింది."

డాక్టరమ్మ ఇంకో పది ప్రశ్నలు అడిగింది. కరీంనగర్ డాక్టర్ ఏం చెప్పిందో విన్నది. తర్వాత ఒక కాగితం మీద సంతకం చేసి, "అవును, అడగాల్సింది. క్షమించండి," అంది. పసుపు పట్టీని కత్తెరతో ఆమే కత్తిరించింది.

తాళం తీయడానికి వచ్చినవాడికి పట్టింది పది సెకన్లు.

సుధ బాల్కనీలోకి అడుగుపెట్టగానే గాలి ఆమె కొంగును ఎగరేసి ముఖం మీద కప్పింది. తీసుకుని చూసేసరికి నీళ్లు. ఎక్కడా ఒడ్డు లేదు. గదిలోంచి బూడిద రంగులో కనబడిన నీళ్లు ఇక్కడ నీలంగా, ఓడ పక్కన విరిగేచోట పచ్చగా ఉన్నాయి. పెదాలు నాకితే ఉప్పు. చిన్న చిన్న చేపలు నీళ్లలోంచి లేచి, పిట్టల్లా కొంతదూరం ఎగిరి మళ్లీ పడుతున్నాయి. చేపలు ఎగురుతాయని ఆమెకు అప్పటిదాకా తెలియదు. ఆమె నోట్లోంచి చిన్న కేక వచ్చింది. ఎవరైనా విన్నారేమోనని పక్కకు చూసుకోలేదు.

పొద్దు నీళ్లలో దిగేదాకా అక్కడే కూర్చుంది. సంతోషపడింది, కానీ కోపం తగ్గలేదు. ఐదు రోజుల్లో రెండున్నర రోజులు గాజు వెనక పోయాయి. ఎంత మందిని అడిగినా అవి తిరిగి రావు. మిగిలిన రెండున్నర రోజులూ తిండికి తప్ప ఆ బాల్కనీ వదల్లేదు. తిండికి పోయినప్పుడు మూలనున్న బల్ల చూపించి "నాకు అది కావాలి" అని చెప్పి కూర్చుంది. చెప్పేటప్పుడు గొంతు వణికింది. వాళ్లు ఆ బల్లే ఇచ్చారు.

కోరుట్లలో బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి పొద్దున ఎనిమిదైంది. ఇంటి ముందు సురేందర్ కారు ఉంది. లోపల ఆయన, శ్రీలత, వాడకట్టులోనే ఉండే రాజక్క కూర్చుని ఉన్నారు, మూలన కనకవ్వ బీడీలు చుడుతోంది. రాజక్క చేతిలో నల్లదారం, తాయెత్తు ఉన్నాయి. సుధను చూడగానే లేచి దగ్గరికి వచ్చింది. "చెయ్యి పట్టు బిడ్డా. కట్టిచ్చుకుంటె మంచిగైతది. మీ అన్న మా అందరికి చెప్పిండు తియ్."

సుధ చెయ్యి ఇవ్వలేదు. "అందరికి అంటె ఎవలకు అన్నా?" అంది అన్న వైపు తిరిగి.

సురేందర్ కుర్చీలో సర్దుకున్నాడు. "ఇంటోల్లకే. ముత్యంపేట మామకు, ఎల్లంతకుంట చిన్నవ్వకు, మన వాట్సాప్ గ్రూపుల గిట్ల. నీ మంచికే చెప్పిన. ఏమన్న అయితె రేపు నన్నే అంటరు గద."

"నేను దునుకుతనని ఓడోల్లకు నువ్వే చెప్పినవా?"

"దునుకుతవని గాదు. జర చూసుకోమని చెప్పిన. ఏమన్న జరిగినంక ఏడ్సుడెందుకు?"

"మతి లేదని చెప్పినవ్. మందులు తింటున్నదని చెప్పినవ్. రాసిపెట్టుకున్నరు, నేను సదివిన. రెండున్నర దినాలు నా గదికి తాళమేసిన్రన్నా! నేనేదో దొంగతనం చేసినట్టు. నాకు నోరు రాదని, నా దిక్కు నువ్వు మాట్లాడితివి. మాట్లాడినోనివి మంచిగ మాట్లాడద్దా? నాకు భయమని చెప్తె నవ్వితివి. నవ్వినోనివి గిప్పుడు ఊరందరికి పిచ్చిదని చెప్తివా?"

ఇంత పొడుగు మాట ఆ ఇంట్లో ఆమె ఎన్నడూ మాట్లాడలేదు. మధ్యలో రెండుసార్లు ఊపిరి అందక ఆగింది. ఆగినప్పుడు అన్న నోరు తెరవబోతే, చెయ్యి అడ్డం పెట్టి ఊపిరి తీసుకుని మళ్లీ మాట్లాడింది. రాజక్క తాయెత్తు కొంగులో దాచుకుంది.

"సరే, అయిందేదో అయింది," అన్నాడు సురేందర్. "ఇప్పుడేం చెయ్యమంటవ్?"

"ఫోన్ చెయ్. ఎవలెవలకు చెప్పినవో వాల్లకు. నా చెల్లెకు మతి మంచిగనే ఉన్నది, నేను అవద్ధం చెప్పిన అని చెప్పు. నా ముంగట."

"నీకు దిమాక్ గిట్ల..." అని ఆగిపోయాడు. తానేం అనబోయాడో తనకే వినబడింది.

కనకవ్వ చాట మీంచి తలెత్తలేదు. "ఫోన్ చెయ్ రా," అంది, ఆకు కత్తిరిస్తూనే.

"అవ్వా, నువ్వు గూడనా?"

"రాజక్క తాయెత్తు పట్టుకోని వచ్చిన కాడికెల్లి నాకు మొకం ఎక్కడ పెట్టుకోవాల్నో తెలుస్తలేదు. నాతోని ఒక్క మాట అన్నవా? ఫోన్ చెయ్."

సురేందర్ ముఖం నల్లబడింది. ఫోన్ తీసి ముత్యంపేట మామకు చేశాడు. "మామా, గది... మొన్న సుధ గురించి చెప్పిన గద... గట్లేం లేదు. మంచిగనే ఉన్నది. నేనే జర ఎక్కువ చెప్పిన."

"ఎక్కువ గాదు," అంది సుధ. "అవద్ధం."

ఆయన పళ్లు కొరుక్కున్నాడు. "అవద్ధం చెప్పిన మామా," అన్నాడు గోడ వైపు తిరిగి. చిన్నవ్వకు కూడా చేశాడు. గ్రూపులో రెండు ముక్కలు రాసి, ఫోన్ సుధ ముందు పెట్టి చూపించాడు. ఆమె చదివి, ఒక మాట మార్చమంది. మార్చాడు. మార్చి, పెట్టిన చాయ్ తాగకుండా లేచి బయటికి పోయాడు. రాజక్క ఆయన వెనకే జారుకుంది.

సుధ గోడకు ఆనుకుని కింద కూర్చుంది. గెలిచినట్టేమీ అనిపించలేదు. ఇంత చిన్న మాట చెప్పించడానికి ఇంత పోట్లాడాలా అని ఒళ్లు మండిపోతోంది. ఓడ కంపెనీకి రాయాల్సిన ఉత్తరం మనసులో అప్పుడే మొదలైంది.

బయట సురేందర్ కారు హారన్ కొట్టాడు. శ్రీలత గుమ్మం దాకా పోయి, ఆగి, వెనక్కి వచ్చింది. పన్నెండేళ్లుగా ఆ ఇంటి కోడలు, సుధతో ఆమె మాట్లాడింది తక్కువే.

"సుధా," అంది మెల్లగా. "సముద్రం ఎట్లుంటదే?"

సుధ తలెత్తింది. వచ్చినప్పటి నుంచీ ఆ మాట అడిగినవాళ్లు లేరు. బయట హారన్ మళ్లీ మోగింది, ఈసారి పొడుగ్గా.

"ఆయన పిలుస్తున్నడు గద వదినె."

"పిలువనీ," అని శ్రీలత చాప లాక్కుని ఆమె పక్కన కూర్చుంది. "చెప్పు."